ముప్పై తొమ్మిదేళ్లకు మళ్లీ కాలేజీ మెట్లు

పొయ్యి మీద పోపు వేగుతుంటే ఫోను మోగింది. గుంటూరు నుంచి అత్తయ్యగారు.

"ఏమ్మా, కాలేజీలో చేరుతున్నావటగా! పిల్లలు చదువుకునే వయసులో నీకెందుకమ్మా ఈ తిప్పలు?"

ఆవిడ గొంతులో కోపం లేదు, దిగులే ఉంది. ఈ వయసులో కోడలు పుస్తకాల సంచి తగిలించుకుని వెళ్తే పిల్లల్ని ఎవరు చూస్తారు, కొడుక్కి వేళకి అన్నం ఎవరు పెడతారు అన్న దిగులు. "చూద్దాం లెండి అత్తయ్యా" అని తప్పించుకున్నాను. నిజానికి అదే ప్రశ్న నన్నూ నెలరోజులుగా తొలిచేస్తోంది.

నేను 2003లో బి.కాం. పాసయ్యాను. పెళ్లయ్యాక ఓ ప్రైవేటు కంపెనీలో అయిదేళ్లు లెక్కలు రాశాను. పాప పుట్టాక మానేశాను. 2019లో మా వారి ఉద్యోగం కోసం కాలిఫోర్నియా వచ్చాం. నా వీసా హెచ్-4. ఏ ఫారం నింపినా నా పేరు పక్కన 'డిపెండెంట్' అనే రాయాలి. అంటే ఒకరి మీద ఆధారపడిన మనిషి అని! మొదట్లో పట్టించుకోలేదు గానీ, మూడేళ్లు గడిచేసరికి ఆ మాట రాయాల్సి వచ్చినప్పుడల్లా కలుక్కుమనేది.

మా ఊళ్లోనే, ఇంటికి పదిహేను నిమిషాల దూరంలో కమ్యూనిటీ కాలేజీ ఉంది. రోజూ పిల్లల్ని స్కూల్లో దింపి దాని ముందు నుంచే తిరిగొచ్చేదాన్ని. లోపలికి వెళ్లడానికి మాత్రం మూడేళ్లు పట్టింది. ఎలా వెళ్లానో, ఎక్కడెక్కడ తప్పటడుగు వేశానో చెబితే ఇక్కడికొచ్చిన, రాబోయే అమ్మాయిలకి పనికొస్తుందని రాస్తున్నాను. అమెరికాలో కూతురో, కోడలో ఉన్న అమ్మలూ చదవండి. ఫోనులో ఓ మంచి మాట చెప్పడానికి పనికొస్తుంది.

ఇంతకీ ఏమిటీ కాలేజీ?

మన జూనియర్ కాలేజీ లాంటిది కాదు, మన డిగ్రీ కాలేజీ లాంటిదీ కాదు. అమెరికాలో బ్యాచిలర్ డిగ్రీకి నాలుగేళ్లు చదవాలి. అందులో మొదటి రెండేళ్ల చదువూ ఇక్కడ తక్కువ ఖర్చుతో పూర్తవుతుంది. ఆ తర్వాత కావాలంటే యూనివర్సిటీకి బదిలీ కావచ్చు. లేదా ఏదైనా పనికి పనికొచ్చే సర్టిఫికెట్ తీసుకుని బయటపడొచ్చు. అకౌంట్స్, నర్సింగ్, కంప్యూటర్లు, చంటిపిల్లల చదువు, వంట, వెల్డింగ్... ఇలా ఉంటాయి కోర్సులు.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. ఇల్లినాయ్ రాష్ట్రంలో 1901లో మొదలైన జోలియెట్ జూనియర్ కాలేజీ వీటిలో పెద్దక్క. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ వేసిన కమిషన్ ఇలాంటి కాలేజీలు ఊరూరా ఉండాలని చెప్పింది. కమ్యూనిటీ కాలేజీ అన్న పేరు బాగా వాడుకలోకి వచ్చింది అప్పటినుంచే. ఒక్క కాలిఫోర్నియాలోనే ఇవి 116 ఉన్నాయి. పద్దెనిమిదేళ్లు నిండిన వాళ్లెవరైనా చేరొచ్చు. ఎంట్రెన్సు లేదు, ర్యాంకు లేదు, పైవయసుకి హద్దు అసలే లేదు. నర్సింగ్ లాంటి కొన్ని కోర్సులకు మాత్రం విడిగా ఎంపిక ఉంటుంది.

ఇది చదువుతుంటే నాకు మా పిన్ని గుర్తొచ్చింది. పదో తరగతితో చదువాపేసి, ఇద్దరు పిల్లల తల్లయ్యాక ఓపెన్ యూనివర్సిటీలో బి.ఏ. చేసింది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా పుట్టి, తర్వాత అంబేద్కర్ పేరు పెట్టుకున్న యూనివర్సిటీ అది. ఆదివారం ఆదివారం అన్నం క్యారేజీ కట్టుకుని క్లాసులకి వెళ్లేది. పిన్నికి తెరిచిన తలుపు లాంటిదే ఇదీనూ అనుకున్నాక కాస్త ధైర్యం వచ్చింది.

ముందు వీసా సంగతి

ఈ ఒక్కటీ తేల్చుకోకుండా అడుగు వేయకండి. హెచ్-4 మీద ఉన్నవాళ్లు ఫుల్‌టైమూ చదవొచ్చు, పార్ట్‌టైమూ చదవొచ్చు. చదువు కోసం విడిగా అనుమతి అక్కర్లేదు. ఉద్యోగం మాత్రం వేరే సంగతి. దానికి వర్క్ పర్మిట్ కావాలి. 2015 నుంచి కొందరు హెచ్-4 వాళ్లకి అది షరతుల మీద ఇస్తున్నారు. అది లేకపోతే కాలేజీ లైబ్రరీలో గంటకింతని పనిచేయడం కూడా కుదరదు.

భర్త స్టూడెంటుగా ఉండి, మీరు ఎఫ్-2 మీద వస్తే పార్ట్‌టైము చదువు వరకే అనుమతి. ఫుల్‌టైము కావాలంటే వీసా మార్చుకోవాలి. ఇండియా నుంచి నేరుగా స్టూడెంట్ వీసా మీద వచ్చేవాళ్లకి దరఖాస్తు దారే వేరు. కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకి రాయాలి, ఇంగ్లీషు వచ్చని చూపాలి, బ్యాంకులో డబ్బు చూపాలి, ఐ-20 తెచ్చుకోవాలి. ఇక పిల్లల్ని చూడ్డానికి విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మలు, అత్తలు డిగ్రీకో సర్టిఫికెట్‌కో లెక్కకొచ్చే కోర్సులో చేరకూడదు. "ఊరికే కూర్చోవడం ఎందుకు, చేరిపోండి" అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఆ తర్వాత వీసాకే చిక్కు రావచ్చు.

పేరు దగ్గరే మొదటి చిక్కు

2022 మే నెలలో ఓ మధ్యాహ్నం కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కాలిఫోర్నియాలో అన్ని కమ్యూనిటీ కాలేజీలకీ కలిపి ఒకటే దరఖాస్తు పద్ధతి, దాన్ని సీసీసీ అప్లై అంటారు. దరఖాస్తుకి రుసుము లేదు. ముందు మన పేరిట ఒక ఖాతా తెరిచి, ఆ తర్వాత మనకి కావలసిన కాలేజీని ఎంచుకుని ఫారం నింపాలి.

మొదటి గడిలోనే ఆగిపోయాను. పేరు! నా పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు. డిగ్రీ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరమే. పాస్‌పోర్టులో అత్తవారి ఇంటిపేరు. మన ఆడవాళ్లలో సగంమందికి ఇదే తంటా కదా! తర్వాత తెలిసిందేమిటంటే, పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయాలి. పాత పేర్లు అడిగే గడి వేరే ఉంటుంది, పుట్టింటి పేరు అక్కడ రాయాలి. పెళ్లి సర్టిఫికెట్ దగ్గర పెట్టుకుంటే రెండు పేర్లూ ఒక మనిషివేనని చూపించొచ్చు.

తర్వాత సోషల్ సెక్యూరిటీ నంబరు అడిగింది. హెచ్-4 మీద చాలామందికి అది ఉండదు. కంగారు పడకండి. నాకు లేదు అని చెప్పడానికి అక్కడే వీలుంది.

ఫారం పంపిన మూడు రోజులదాకా జవాబు లేదు. నా చదువు కూడా వాళ్లకి పనికిరాలేదు కాబోలు అనుకున్నాను. తీరా చూస్తే స్టూడెంట్ నంబరు ఇచ్చిన ఉత్తరం అనవసరపు మెయిల్ పడే స్పామ్ పెట్టెలో ఉంది! దొంగ దరఖాస్తుల బెడద వల్ల ఈ మధ్య కాలేజీలు మనిషిని గుర్తించే కాగితాలు కూడా అడుగుతున్నాయి. కాబట్టి రోజూ ఆ పెట్టె కూడా చూస్తూ ఉండండి.

ఆ ఉత్తరం నేను సంతోషంలో సగమే చదివాను. కింద సగంలో ఒక మాట ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

పరీక్ష లేదు, సలహా ఉంది

తర్వాతి మెట్టు ఓరియెంటేషన్. ఇంట్లోనే కంప్యూటర్ మీద గంటన్నర. కాలేజీ నియమాలు, ఎవరిని ఎక్కడ కలవాలో చెబుతారు.

నేను భయపడ్డది ప్లేస్‌మెంట్ పరీక్షకి. ఇరవై ఏళ్ల క్రితం చదివిన లెక్కలు ఎక్కడ గుర్తుంటాయి? అయితే 2017లో చేసిన చట్టం వల్ల ఇక్కడ ఆ పరీక్షలు పోయాయి. ఇక్కడ హైస్కూలు చదివిన వాళ్లకి ఆ మార్కులు చూస్తారు. మనలాంటి వాళ్లకి కొన్ని ప్రశ్నలిచ్చి, "మీరు ఏ తరగతిలో చేరగలరని అనుకుంటున్నారు?" అని మననే తేల్చుకోమంటారు. ఇంగ్లీషు బెరుకుగా ఉంటే, ఇంగ్లీషు రెండో భాషగా ఉన్నవాళ్ల కోసమే క్లాసులున్నాయి. వాటిలో యూనిట్లు లెక్కకు రాని క్లాసులకి ఫీజు కూడా ఉండదు. చాలామంది అక్కడే మొదలుపెట్టి ధైర్యం తెచ్చుకుంటారు.

ఆ తర్వాత కౌన్సిలర్ దగ్గరికి వెళ్లాలి. ఇక్కడ కౌన్సిలర్ అంటే ఊళ్లో గెలిచిన కౌన్సిలర్ కాదండోయ్! ఏ చదువుకి ఏ క్లాసులు, ఏ వరుసలో తీసుకోవాలో కాగితం మీద రాసిచ్చే మనిషి. ఫీజు ఏమీ ఉండదు. నేను నా డిగ్రీ మార్కుల జాబితాలు పట్టుకెళ్లాను. వాటిని ఇక్కడి లెక్కలోకి మార్చాలంటే కాలేజీ ఒప్పుకునే ఏజెన్సీతో ఒక్కో సబ్జెక్టునీ విలువ కట్టించాలని ఆవిడ చెప్పింది. దానికి మన యూనివర్సిటీ నుంచి సీలు వేసిన ట్రాన్స్‌క్రిప్టులు కావాలి. ఆ కాగితాలకి గుంటూరులో తమ్ముణ్ణి నాలుగుసార్లు తిప్పాను పాపం! అందుకే ఇండియాలో ఉన్న అమ్మాయిలకి ఒక మాట. విమానం ఎక్కకముందే రెండు మూడు సెట్లు తీసి పెట్టుకోండి. పెళ్లి చీరల కంటే అవే ఎక్కువ అవసరపడతాయి.

సీటు పట్టడం

క్లాసులు ఎంచుకోవడానికి ప్రతివాళ్లకీ ఒక రోజు, ఒక వేళ ఇస్తారు. పాత విద్యార్థులకి ముందు, కొత్తవాళ్లకి వెనక. మంచి వేళల్లో ఉన్న క్లాసులు ఇట్టే నిండిపోతాయి. నిండిపోతే వెయిట్ లిస్టులో పేరు వేయించుకోవాలి. మొదటి రోజు క్లాసుకి వెళ్లి లెక్చరర్‌ని అడిగితే, ఎవరైనా రాకపోతే ఆ సీటు ఇస్తారు. అదే మన పేరు జాబితాలో ఉండి కూడా మొదటి రోజు వెళ్లకపోతే మన సీటు ఇంకొకరికి పోతుంది.

నేను పిల్లలు స్కూల్లో ఉండే వేళ చూసుకుని రెండు క్లాసులు పట్టాను. అకౌంటింగ్ నాలుగు యూనిట్లు, ఇంగ్లీషు రాత మూడు యూనిట్లు. కాలిఫోర్నియా నివాసులకి యూనిట్‌కి 46 డాలర్లు. 2012 నుంచి అదే రేటు. ఏడు యూనిట్లకి 322 డాలర్లు అని ముందే లెక్క వేసుకున్నాను. ఇంటి ఖర్చులో మిగిల్చిన డబ్బు సరిపోతుంది, ఎవర్నీ అడగక్కర్లేదని మురిసిపోయాను.

బిల్లు తెరిచి చూస్తే రెండు వేల డాలర్ల పైచిలుకు!

నా పేరు మీద ఒక్క కాగితం లేదు

మళ్లీ మళ్లీ చూశాను. నేను సగమే చదివి వదిలేసిన ఉత్తరం తీశాను. కింద ఉంది ఆ మాట... 'నాన్ రెసిడెంట్'. అంటే ఈ రాష్ట్రంలో నివాసం లేని మనిషి! నివాసులు కానివాళ్లకి యూనిట్‌కి చాలాచోట్ల మూడు వందల డాలర్ల పైనే అవుతుంది.

రాత్రి మా వారికి చెప్పాను. "రెండు వేలా? పాప పళ్లకి క్లిప్పులు వేయించాలి కదా. వచ్చే ఏడు చూద్దాంలే" అన్నారు. అందులో తప్పేముంది? ఆయన లెక్క ఆయనది. కానీ ఆ 'వచ్చే ఏడు' నాకు బాగా తెలుసు. పాప పుట్టినప్పటి నుంచీ వింటున్న మాటే అది.

సీటు వదిలేద్దామని మర్నాడు కాలేజీ ఆఫీసుకి వెళ్లాను. కౌంటర్‌లో ఓ పెద్దావిడ నా ఫారం చూసి, "మీరు ఈ రాష్ట్రానికి వచ్చింది ఈ మార్చిలోనా?" అని అడిగింది. అప్పుడు తెలిసింది నా తప్పు. అంతకుముందు డిసెంబరులో అమ్మకి ఆపరేషనైతే గుంటూరు వెళ్లి, 2022 మార్చిలో తిరిగొచ్చాను. ఇక్కడ ఎప్పటి నుంచి ఉంటున్నారు అన్న ప్రశ్నకి ఆ తిరిగొచ్చిన తేదీ వేశాను!

నివాసం లెక్క ఇదీ. టర్ము మొదలయ్యే రోజుకి ముందు కనీసం ఒక సంవత్సరం ఒక రోజు పాటు ఈ రాష్ట్రంలో కాపురం ఉండాలి, ఇక్కడే ఉండే ఉద్దేశం కూడా కాగితాల మీద కనిపించాలి. ఇల్లు ఇక్కడే ఉంచుకుని కొన్నాళ్లు ఊరెళ్లొస్తే నివాసం పోదు. హెచ్-4 వీసా కూడా దీనికి అడ్డు కాదు. స్టూడెంట్, విజిటర్ వీసాల వాళ్లకి మాత్రం ఈ వీలు లేదు. "సీటు వదలకండి. ఈ ఫారం నింపి, మీ పేరు మీద ఉన్న రుజువులు తీసుకురండి" అంది ఆవిడ.

మీ పేరు మీద! ఇంటికొచ్చి బీరువాలో ఫైళ్లన్నీ నేల మీద పరిచాను. అద్దె ఒప్పందం మా వారి పేరు. కరెంటు బిల్లు ఆయన పేరు. ఫోన్లు, కారు, ఇన్సూరెన్సు అన్నీ ఆయన పేరే. మూడేళ్లు ఈ ఇంట్లో వండాను, తుడిచాను, పిల్లల్ని పెంచాను. నేనిక్కడ ఉన్నానని చెప్పే కాగితం మాత్రం ఒక్కటీ కనిపించలేదు. ఏడుపొచ్చింది.

మా వారు వచ్చి పక్కన కూర్చున్నారు. ఒక్కో ఫైలూ మళ్లీ తిరగేశారు. "ఇదుగో, నీ డ్రైవింగ్ లైసెన్సు" అన్నారు. 2021 జనవరిలో భయపడుతూ భయపడుతూ తెచ్చుకున్నది. తర్వాత రాష్ట్రానికి కట్టిన పన్ను కాగితం దొరికింది. ఇద్దరం కలిపి వేసింది కాబట్టి అందులో నా పేరూ ఉంది. 2020లో తెరిచిన జాయింటు బ్యాంకు ఖాతా. అద్దె ఒప్పందం చివరి పేజీలో ఇంట్లో ఉండేవాళ్ల జాబితాలో చిన్న అక్షరాల్లో నా పేరు! "నువ్వు మూడేళ్లుగా ఇక్కడే ఉన్నావోయ్!" అన్నారు నవ్వుతూ. నవ్వారు గానీ, ఆయన కళ్లల్లో కాస్త నొచ్చుకున్నట్టు కూడా అనిపించింది.

పాస్‌పోర్టు, వీసా కాగితాలు జతచేసి ఇచ్చాను. వారం తిరక్కుండా బిల్లు 322 డాలర్లకి, పైన ఆరోగ్య రుసుము లాంటి చిల్లర ఖర్చులకి దిగింది. ఆ డబ్బు నేనే కట్టాను. ఆ నెలలోనే కరెంటు బిల్లులో నా పేరు కూడా చేర్పించారు మా వారు.

మొదటి రోజు

ఆగస్టు చివర్లో క్లాసులు మొదలయ్యాయి. వెనక బెంచీ చూసుకుని కూర్చున్నాను. పక్కన పందొమ్మిదేళ్ల పిల్ల. నన్ను చూసి లెక్చరర్ అనుకుని "గుడ్ మార్నింగ్ ప్రొఫెసర్" అంది! ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత చుట్టూ చూస్తే నాలాంటి వాళ్లు ఇంకా ఉన్నారు. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన ఓ నడివయసాయన, చంటిబిడ్డను తల్లి దగ్గర వదిలొచ్చిన ఓ అమ్మాయి.

డెబిట్, క్రెడిట్ ఎక్కడైనా ఒకటే. పేర్లే తికమక పెట్టాయి. మనం 'స్టాక్' అంటే కొట్లో సరుకు, ఇక్కడ 'స్టాక్' అంటే షేర్లు! సరుకుని ఇన్వెంటరీ అంటారు. మన 'సండ్రీ డెటార్స్' ఇక్కడ 'అకౌంట్స్ రిసీవబుల్'. మొదటి పరీక్షలో అక్కడే మార్కులు పోయాయి. రెండో పరీక్షకి క్లాసులో రెండో స్థానం. ఇంట్లో మా పాప ఆ పేపరు ఫ్రిజ్‌కి అంటించింది.

అన్నీ ఇలా సాఫీగా సాగాయని అనుకోకండి. 2024లో అమ్మకి మళ్లీ బాగాలేక ఊరెళ్లాల్సి వచ్చి ఒక క్లాసు మధ్యలో వదిలేశాను. గడువు లోపల వదిలాను కాబట్టి రికార్డులో 'డబ్ల్యూ' అని పడింది, ఫెయిల్ పడలేదు. చెప్పకుండా మానేస్తే ఎఫ్ పడేది. అందుకే టర్ము మొదట్లోనే రెండు తేదీలు క్యాలెండర్‌లో రాసుకోండి. డబ్బు వాపసు వచ్చేలా మానుకునే ఆఖరు తేదీ ఒకటి, 'డబ్ల్యూ'తో మానుకునే ఆఖరు తేదీ ఇంకొకటి.

పుస్తకాల ఖర్చు ఒక్కోసారి ఫీజుని మించుతుంది. పుస్తకం కొనక్కర్లేని క్లాసులకి జాబితాలోనే గుర్తు ఉంటుంది, ముందు అవి చూడండి. లైబ్రరీలో గంటల లెక్కన పుస్తకం ఇస్తారు. చదువు చెప్పే ట్యూటర్లు కూడా డబ్బు తీసుకోరు. అడగడానికి మొహమాటపడింది నేనొక్కదాన్నే!

బయల్దేరే ముందు

ఒక చోట రాసి పెట్టుకోండి:

పాస్‌పోర్టులో ఉన్న పేరే దరఖాస్తులో వేయాలి. వచ్చిన తేదీ రాసేటప్పుడు మొదట కాపురానికి వచ్చిన తేదీ ఏదో, మధ్యలో ఊరెళ్లొచ్చిన తేదీ ఏదో తేడా చూసుకోవాలి. అనుమానం ఉంటే అడిగాకే నింపాలి.

వచ్చిన ప్రతి ఉత్తరం ఆఖరి వాక్యం దాకా చదవాలి.

కౌన్సిలర్‌ని కలిశాకే క్లాసులు ఎంచుకోవాలి. ఫీజు గడువు దాటనివ్వకూడదు, మొదటి రోజు క్లాసు మానకూడదు.

నివాసం నియమాలు, ఫీజులు రాష్ట్రానికో తీరుగా ఉంటాయి. నేను చెప్పింది కాలిఫోర్నియా సంగతి. మీరున్న చోట కాలేజీ ఆఫీసులో అడగండి. వీసా అనుమానాలు మాత్రం స్నేహితుల్ని కాదు, లాయర్‌ని అడగండి.

ఇంకొకటి. ఇప్పుడు చదువుకునే ఉద్దేశం లేకపోయినా సరే, ఇంట్లో కాగితాల్లో ఒకటి రెండింటి మీదైనా మీ పేరు వేయించుకోండి. బ్యాంకు ఖాతా కావచ్చు, కరెంటు బిల్లు కావచ్చు. అది ఇంటాయన మీద నమ్మకం లేక కాదు. రేపు ఏ కౌంటర్ దగ్గరైనా "మీరెవరు?" అని అడిగితే చూపించడానికి.

అసోసియేట్ డిగ్రీకి 60 యూనిట్లు కావాలి. నాకు సగం పైన పూర్తయ్యాయి. టర్ముకి రెండే క్లాసులు, ఒక్కోసారి ఒకటే. ఉద్యోగం ఎప్పుడు వస్తుందో, వర్క్ పర్మిట్ ఎప్పుడు చేతికొస్తుందో నా చేతిలో లేదు. చదువు మాత్రం నా చేతిలో ఉంది.

మొన్న అత్తయ్యగారు మళ్లీ ఫోన్ చేశారు. అటూ ఇటూ మాట్లాడి, "పరీక్షలెప్పుడమ్మా?" అని అడిగారు. చెప్పాను. "అయితే ఆ వారం ఫోను చెయ్యనులే, చదువుకో. వాణ్ణి అన్నం వండమను!" అన్నారు.

ఆ వారం మా ఇంట్లో రెండుసార్లు అన్నం మాడింది. పిల్లలు మాట్లాడకుండా తినేశారు!